బల్ల ఎక్కకముందే చెప్పాల్సిన మాట

లైంగిక హింసకో, గృహహింసకో గురైనవారిలో కొందరికి ఆసుపత్రిలో మామూలుగా జరిగే పనులే పాత భయాన్ని తిరగదోడతాయి. చెప్పకుండా ఒంటిమీద చెయ్యి వేయడం, ముఖానికి మాస్క్ పెట్టడం, లోపలి పరీక్ష చేయడం ఇలాంటివే. వీటిని 'ట్రిగ్గర్లు' అంటారు. ఆ క్షణంలో కొందరు పెనుగులాడతారు. కొందరు మాట రాక బిగుసుకుపోతారు. ఆ మౌనాన్ని సిబ్బంది అంగీకారంగా పొరబడే ప్రమాదం ఉంది.

అందుకే పరీక్షకు, ఆపరేషన్‌కు ముందే చెప్పడం మేలు. గతమంతా విప్పి చెప్పనక్కర్లేదు. ఏది ఇబ్బందో, బదులుగా ఏం చేయాలో చెబితే చాలు: "చెప్పకుండా ముట్టుకుంటే భయం వేస్తుంది. ముందు చెప్పండి. నేను చెయ్యి ఎత్తితే ఆపండి." దీన్ని కేస్ షీట్‌లో రాయిస్తే, డ్యూటీ మారినా తర్వాతి నర్సుకు తెలుస్తుంది. మత్తు డాక్టరుకు విడిగా చెప్పాలి. పీటీఎస్‌డీ ఉన్నవారు మత్తు నుంచి తేరుకునేటప్పుడు తీవ్రంగా కలవరపడే అవకాశం ఎక్కువ. ఇంట్లోవాళ్లకు తెలియని విషయమైతే డాక్టరుతో ఒంటరిగా మాట్లాడతామని అడగవచ్చు.

ఇలా అడగడానికి ఆధారం ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించగా, కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలకు పంపిన రోగుల హక్కుల పత్రంలో గోప్యత, ముందస్తు సమ్మతి ఉన్నాయి. పురుష వైద్యుడు మహిళను పరీక్షించేటప్పుడు మరో మహిళ పక్కన ఉండాలనీ ఉంది. లైంగిక హింస బాధితుల విషయంలో 2014 నాటి కేంద్ర మార్గదర్శకాలు మరింత స్పష్టం: పరీక్షలో ఏ భాగాన్నైనా వద్దనవచ్చు, వద్దన్నారని చికిత్స నిరాకరించకూడదు.