కళాయి పూసిన జీపులు

పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే మనిషితో గుమ్మంలో గంటసేపు బేరమాడగలం. జరీ ఎంత ఉందో మనం చెబుతాం, గిన్నె మందమెంతో వేలితో కొట్టి చూస్తాం. అదే ఇంటికి ఒక పాత బండి కొనే మాట వచ్చిందనుకోండి, “అదంతా మగవాళ్ళ వ్యవహారం” అంటూ కాఫీలు కలపడానికి లోపలికి వెళ్ళిపోతాం. ఆ బండి జీపయితే మరీను!

కానీ చరిత్ర తిరగేస్తే, పాతదా, కాస్త కొత్తదా అనే తర్జనభర్జన జీపు విషయంలో జరిగినంత ఘనంగా మరే బండి విషయంలోనూ జరిగినట్టు లేదు. దానివల్ల ఇంగ్లండులో ఏకంగా ఒక కొత్త బండే పుట్టింది. మన దేశంలోనయితే పార్లమెంటు దాకా పోయింది.

జీపు పుట్టుకే హడావిడి పుట్టుక. 1940లో యూరపులో యుద్ధం ముదురుతుంటే అమెరికా సైన్యం 135 కంపెనీలకు కబురు పెట్టింది. బండి తేలికగా ఉండాలి, నాలుగు చక్రాలూ లాగాలి, నమూనా 49 రోజుల్లో తెచ్చి చూపించాలి. చాలా కంపెనీలు ఆ గడువు చూసే దణ్ణం పెట్టేశాయి. సెప్టెంబరు 23న చెప్పిన మాట ప్రకారం బండిని తెచ్చి నిలబెట్టింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. సైన్యంవారు మెచ్చుకున్నారు. మెచ్చుకున్నారే గానీ, వేలకు వేలు తయారుచేసే తాహతు దానికి లేదని పెద్ద ఆర్డర్లన్నీ విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు ఇచ్చారు. యుద్ధం ముగిసేలోగా ఆ రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. కన్నది ఒకరు, బారసాల చేసుకున్నది మరొకరు! బాంటమ్ పేరు ఇవాళ ఎవరికి గుర్తుంది చెప్పండి?

ఆ బండికి తలుపుల్లేవు, గట్టి కప్పు లేదు. రేకు ఒళ్ళు, గుడ్డ టాపు, అరవై గుర్రాల ఇంజను. అంతే. అందం సంగతి అడగొద్దు. కానీ దారి పక్కన ఆగిపోతే సిపాయి చేతికందిన పానాతో విప్పి, తుడిచి, మళ్ళీ బిగించుకుని పోయేటట్టు చేశారు. ఈ మాట కాస్త గుర్తు పెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

1945లో యుద్ధం ఆగింది. దేశదేశాల్లో మిగిలిపోయిన జీపుల్ని ఏం చేసుకోవాలి? ఓడలెక్కించి తిరిగి తీసుకుపోవడం కంటే చాలావాటిని ఉన్నచోటే వదిలించుకోవడం నయమనిపించింది. ఫిలిప్పీన్సు వాళ్ళు వాటిని వెనక్కి పొడుగ్గా సాగదీసి, పైన కప్పేసి, ఒళ్ళంతా రంగురంగుల బొమ్మలు వేసి ‘జీప్నీ’ అనే చిన్న బస్సులుగా మార్చుకున్నారు. పాత పట్టుచీర కత్తిరించి పాపకు పరికిణీ కుట్టినట్టు!

ఇక ఇంగ్లండు కథ. అక్కడి రోవర్ కార్ల కంపెనీలో మారిస్ విల్క్స్ అనే పెద్ద ఇంజనీరు ఉండేవాడు. వేల్సులో ఆంగ్లసీ దీవిలో ఆయనకు పొలం ఉంది. అక్కడి పనులకి సైన్యం అమ్మేసిన జీపు ఒకటి కొనుక్కున్నాడు. కొన్నాళ్ళకి అది మూలగడం మొదలెట్టింది. కంపెనీని నడిపే అన్న స్పెన్సర్ ఒకరోజు, “ఇది పోతే ఏం చేస్తావురా?” అనడిగితే, “ఇంకో పాత జీపు కొంటాను, మరేముంది గనక?” అన్నాడని చెబుతారు. కార్లు చేసి అమ్మే ఇంటివాళ్ళు తమ పొలానికి పరాయి కంపెనీ పాత బండి కొనుక్కోవడమా! మిఠాయికొట్టు వాళ్ళు పెళ్ళికి లడ్డూలు బయటినుంచి తెప్పించుకున్నట్టుంది. ఆ నామోషీలోంచే లాండ్‌రోవర్ పుట్టింది. మొదటి నమూనాకు జీపు చాసీయే వాడుకున్నారు. ఉక్కుకి రేషను గనక ఒంటికి అల్యూమినియం రేకు. రంగేమో విమానాల కోసం చేసి మిగిలిపోయిన ఆకుపచ్చ. అలా ముస్తాబై 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో నలుగురి కంటా పడింది.

సరిగ్గా ఆ ఏడాదే లండనులో మనవాళ్ళు కూడా పాత జీపుల బేరంలో ఉన్నారు. కాశ్మీరులో పోరు జరుగుతోంది. కొండదారుల్లో సైన్యానికి జీపులు కావాలి, వెంటనే కావాలి. అప్పుడు అక్కడ మన హైకమిషనరు వి.కె. కృష్ణమీనన్. బాగుచేసిన పాత జీపులు 2,000 ఇస్తామని ఒక కంపెనీ వస్తే, మామూలు పద్ధతులన్నీ పక్కకు నెట్టి ఒప్పందం చేసేసుకున్నారు. కొత్తవాటి కోసం కూర్చోవడమా, పాతవి త్వరగా తెచ్చుకోవడమా అన్న ప్రశ్నకి ఆయన పాతవే అన్నారు. ఆ మాటను నేను తప్పుపట్టను. గొంతెండిపోతున్నప్పుడు మడినీళ్ళే కావాలని కూర్చోం కదా!

కానీ జరిగిందేమిటి? మొదట చేరిన 155 జీపుల్నీ సైన్యంవారు చూసి ఇవి మాకు పనికిరావు పొమ్మన్నారు. అప్పటికే ఇక్కడి డబ్బు అక్కడికి చేరింది. సరుకు ఓడెక్కే ముందు సరిగా చూసుకోలేదన్న సంగతి ఆ తరవాత తీరిగ్గా బయటపడింది.

మన అమ్మమ్మలకు ఇది కొత్త సంగతి కాదు. వీధిలోకి కళాయివాడు వచ్చేవాడు గుర్తుందా? నల్లబడ్డ ఇత్తడి గిన్నెని నిప్పుల మీద తిప్పి, నవాసారం చల్లి, తగరం పూసి, గుడ్డతో తుడిచేసరికి వెండిలా మెరిసిపోయేది. గిన్నె గట్టిదయితే ఆ కళాయి అమృతమే. అడుగున బీట ఉందనుకోండి, కళాయి దాన్ని కప్పుతుందే గానీ అతకదు. చారు పోశాక గానీ తెలియదు! అందుకే అమ్మమ్మ మెరుపు చూసి డబ్బులిచ్చేది కాదు, ముందు చెంబుడు నీళ్ళు పోసి చూసేది. ఆ చెంబుడు నీళ్ళే లండనులో ఎవరూ పొయ్యలేదు.

గొడవ ఏళ్ళ తరబడి సాగింది. విచారణ సంఘానికి అధ్యక్షులుగా ఉన్నవారు మనవారే, తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. 1956లో లోక్‌సభకు స్పీకరయినది ఈయనే. ఆ సంఘం మాటను పక్కనబెట్టి, 1955 సెప్టెంబరు 30న హోంమంత్రి గోవింద వల్లభ పంత్ ప్రభుత్వం వరకూ ఈ వ్యవహారం ముగిసిపోయిందని ప్రకటించారు. 1956 ఫిబ్రవరిలో మీనన్ కేంద్రమంత్రి అయ్యారు. 1957లో ఆయన చేతికి వచ్చింది ఏ శాఖనుకున్నారు? రక్షణ శాఖే! ఆయన సొంతానికి పైసా తీసుకున్నారని ఎవరూ రుజువు చేయలేదు, ఆ మాట కూడా చెప్పాలి. నా మటుకు నాకు, పాతవి కొనడం కంటే చూడకుండా కొనడమే పెద్ద పొరపాటనిపిస్తుంది. వంకాయలు పుచ్చో కాదో చూడకుండా సంచీలో వేసుకుంటామా మనం?

ఈలోగా బొంబాయిలో ఇంకో దారి తెరుచుకుంది. 1945లో ఉక్కు వ్యాపారంతో మహీంద్రా అండ్ మహమ్మద్ అనే కంపెనీ మొదలైంది. దేశం రెండయ్యాక అందులోని గులాం మహమ్మద్ పాకిస్తాను వెళ్ళి, అక్కడ ఆర్థికమంత్రి, ఆ తరవాత గవర్నర్ జనరల్ కూడా అయ్యాడు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి ఇక్కడ బిగించడం, ఆపైన ఇక్కడే తయారుచేయడం వాళ్ళ పని. 1953లో అమెరికాలో సి.జె. 3బి అనే జీపు వచ్చింది. దాని ఇంజను పొడుగు, ఆ పొడుగు పట్టడానికి బానెట్టు ఎత్తు పెంచారు. విశాలమైన నుదురున్న మనిషిలా ఉంటుంది. వాళ్ళక్కడ 1968లో ఆపేసినా మనవాళ్ళు ఇంకా ఎన్నో ఏళ్ళు చేస్తూనే వచ్చారు. మన తరం వాళ్ళకి జీపనగానే కళ్ళముందు నిలిచే రూపం అదే.

1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలై బ్లాకులు ఏర్పడ్డాక పల్లెటూళ్ళకు జీపు ముఖం బాగా పరిచయమైంది. దుమ్ము లేచిందంటే బి.డి.ఓ. గారో తాసీల్దారుగారో వస్తున్నారన్నమాట. పిల్లలు వెనకాల పరుగో పరుగు. ఆ జీపే కొన్నేళ్ళకి ‘కండెం’ అయి వేలానికొచ్చేది. వేలంలో పాడుకున్నవాడు రంగేయించి ఇంకొకడికి అమ్మేవాడు. ఆ ఇంకొకడు వెనక రెండు బల్లలు వేయించి ఏజెన్సీ దారిలో సర్వీసుకి తిప్పేవాడు. లోపల పన్నెండుమంది, పైన కోళ్ళబుట్టలు, వెనక వేలాడుతూ నలుగురు! ఒక్క జీపుకి ఎన్ని జన్మలో.

ఆ జన్మల్లో గుండె మార్పిడులు కూడా ఉండేవి. 1973లో చమురు ధరలు మండిపోయాక పెట్రోలు జీపును ఉంచుకోవడం ఏనుగును మేపినట్టయింది. అప్పుడు డీజిలు మీద మనసు పడింది. ట్రాక్టర్ల డీజిలు ఇంజనే జీపుల్లోకి వచ్చింది. 1980లలో ప్యూజో రకం డీజిలు ఇంజనుతో ఎం.ఎం. 540 వచ్చింది. 1985 చివర్లో మారుతీవారి జిప్సీ వచ్చింది. పెట్రోలుదే, కానీ చిన్నది, తేలికది, జారుడుబండల మీద మేకపిల్లలా ఎక్కేది. ఊళ్ళల్లో షెడ్లవాళ్ళు మాత్రం కంపెనీ కోసం చూడలేదు. పెట్రోలు ఇంజను దింపేసి దొరికిన డీజిలు ఇంజను ఎక్కించేశారు. అందుకని పాత జీపు దగ్గర ఆర్.సి. పుస్తకంలో పెట్రోలని ఉండి, బానెట్టు ఎత్తితే డీజిలు కనిపిస్తే గుండె బాదుకోకండి. బాదుకోకండి గానీ, కొనకండి కూడా. ఆ మార్పు పుస్తకంలో రాయించని బండిని మీ పేరు మీదికి మార్పించుకోవడం అంత సులువు కాదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. జీపు ఆకారంలో ఉన్నవాటన్నిటికీ నాలుగు చక్రాలూ లాగవు! మనదేశంలో అమ్మిన జీపుల్లో వెనక రెండు చక్రాలే లాగేవి బోలెడున్నాయి. 2010లో థార్ అనే పేరుతో వచ్చినప్పుడు కూడా అందులో రెండు చక్రాల రకం ఉంది. బురదలో దిగాక తెలుసుకునే కంటే బేరంలోనే అడగడం మేలు.

మరి ఇవాళ ఎవరైనా పాత జీపు కొనాలంటే, 1990ల నాటిదా, 2010 తరవాతదా? మా పిన్ని కొడుక్కి ఈమధ్య ఈ చిక్కే వచ్చింది. నర్సీపట్నం అవతల కొండవార వాళ్ళకు జీడితోట ఉంది. తోటకీ తారురోడ్డుకీ మధ్య ఒక గెడ్డ. కిందటి వానాకాలం ఒక రాత్రి మా పిన్నికి ఆయాసం ముంచుకొస్తే ట్రాక్టరు తొట్టిలో పరుపేసి, పైన పరదా పట్టుకుని గెడ్డ దాటించారు. దేవుడి దయవల్ల గండం గడిచింది. మర్నాడే, “ఈసారి వానలకి ముందు జీపు ఉండాల్సిందే” అంది మరదలు.

రెండు చూశారు. ఒకటి 1996 నాటి డీజిలు జీపు, రంగు వెలిసిపోయింది, సీట్లకు కుట్లు. రెండోది పదిపన్నెండేళ్ళ థారు, సముద్రం పక్కన విశాఖపట్నంలో తిరిగిన బండి. నల్లగా నిగనిగలాడుతోంది, కొత్త సీటు తొడుగులు, పాటల పెట్టె. మా తమ్ముడి కళ్ళు దాని మీదే. మరదలు ఏం చేసిందో తెలుసా? ఒక గోనెసంచీ నేల మీద పరిపించి, టార్చిలైటు పట్టుకుని, చీరచెంగు నడుముకి దోపుకుని బండి కిందికి దూరింది! అమ్మేవాడు నోరు తెరిచాడట. చాసీ మీది నల్లరంగును గోటితో గీకితే పొరలు పొరలుగా తుప్పు రాలింది. ఉప్పుగాలి చేసిన పని. ఫోర్ వీల్ కర్ర వెయ్యమంటే అది పడనే లేదు. ఆ బండి ఎప్పుడైనా బురద మొహం చూస్తేగా!

ముసలి జీపు దగ్గర మొదటినుంచీ ఒకే యజమాని. ఆయిలు ఎప్పుడు మార్చిందీ, బ్రేకులు ఎప్పుడు వేయించిందీ ఆయన చాకలిపద్దులా ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాడు. దున్నిన చేలో దింపి చూపించాడు. ముందు చక్రాలు కూడా బుద్ధిగా లాగాయి. పైగా దాని డీజిలు పంపు పూర్తిగా యంత్రమే, కంప్యూటరు లేదు. బ్యాటరీ దిగిపోతే నలుగురు తోస్తే కదులుతుంది. పాడైతే నర్సీపట్నంలో ఏ షెడ్డులోనైనా పానాతో విప్పుతారు. ఇందాక గుర్తు పెట్టుకోమన్నది ఈ మాటకే. కొత్త డీజిళ్ళు బలమైనవే, పొగా తక్కువే, కానీ వాటి జబ్బు కనిపెట్టడానికి కంప్యూటరు తగిలించాలి. వానలో, గెడ్డ అవతల, రాత్రి పదింటికి ఆ కంప్యూటరు ఎక్కడినుంచి వస్తుంది?

అలాగని అందరూ ముసలి జీపులే కొనాలని నేననడం లేదు. ప్రమాదం జరిగితే మనిషిని కాపాడే ఏర్పాటు వాటిలో ఏదీ లేదు. 15 ఏళ్ళు దాటిన బండికి తనిఖీ చేయించి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకుంటూ ఉండాలి. పిల్లల్ని ఎక్కించుకుని హైదరాబాదు రోడ్డు మీద వందలో పోయే పనైతే, నేను కళ్ళు మూసుకుని 2020 అక్టోబరు తరవాత వచ్చిన థారే అంటాను. దానికి గట్టి కప్పుంది, గుద్దుకుంటే ఉబ్బే గాలిసంచులున్నాయి. కళ్ళు మూసుకుని అన్నాను గానీ, టార్చిలైటు మాత్రం తప్పదు!

పిన్ని కొడుకు చివరికి ముసలి జీపే కొన్నాడు. తెచ్చిన రోజే, “కాస్త రంగేయిస్తే పెళ్ళికూతురులా ఉంటుంది” అన్నాడట. మరదలు వద్దే వద్దంది. “రేపు మనం అమ్మబోతే, కిందేం దాచారోనని కొనేవాళ్ళు గోటితో గీకి చూస్తారు వదినగారూ” అని నాతో ఫోనులో ఒకటే నవ్వు.