ట్రాన్స్‌ఫార్మర్ల పొత్తు

మన యూరి చివర నుండు ట్రాన్స్‌ఫార్మరు దూరమునుండి వచ్చు అధిక వోల్టేజిని తగ్గించి యిండ్లకు అందించును. ఒక్క తీగవరుసపై ఇట్టివి పెక్కు లున్నను, ఒకచోట దీపము లార్పినచో వేఱొకచోట వెలుగు చెడదు. ఈ సౌకర్యము మొదటినుండి యున్నది కాదు.

ఫ్రాన్సు దేశీయుడగు లూసియన్ గోలార్, ఆంగ్లేయుడగు జాన్ గిబ్స్ అనువారు 1883లో లండనునందు ఇట్టి యంత్రమును ప్రదర్శించిరి. 1884లో ఇటలీలోని టూరిన్ ప్రదర్శనమున 40 కిలోమీటర్ల దూరము శక్తిని నడిపి చూపిరి. కాని వారు తమ యంత్రముల నన్నిటిని ఒకే తీగపై దండలోని పూసలవలె గ్రుచ్చిరి. పై మడినుండి క్రింది మడికి నీరు పారునప్పుడు నడిమి రైతు గట్టు వేసినచో క్రిందివాని పైరు ఎండును గదా! అచ్చటను అంతే. ఒకచోట దీపము లార్పగా తక్కినచోట్ల వెలుగు మారుచుండెను.

ఆ ప్రదర్శనమును చూచినవారిలో బుడాపెస్టునందలి గాంజ్ కర్మాగారపు ఇంజనీరు ఓటో బ్లాతీ యొకడు. ఆయనయు, సహచరులగు కారోయ్ జిపెర్నోవ్‌స్కీ, మిక్షా డేరీయు 1885లో రెండు మార్పులు చేసిరి. యంత్రములోని ఇనుమును కొనలు లేని వలయముగా మూసిరి. ప్రతి యంత్రమును ప్రధానమగు రెండు తీగలకు విడివిడిగా, ప్రక్కప్రక్కన తగిలించిరి. అనగా ప్రతి మడికిని పెద్దకాలువనుండి వేఱు తూము పెట్టిరన్నమాట. ఆ యేడే బుడాపెస్టు ప్రదర్శనశాల యీ పద్ధతిని వెలిగెను.

గోలార్ మాత్రము పేటెంటు వ్యాజ్యములలో చిక్కి, 1888లో పారిస్‌లోని మానసిక వైద్యశాలయందు కన్నుమూసెను. శక్తిని దూరము నడిపి చూపిన యా సాహసికుని తలపకుండ ఈ చరిత్ర చెప్పుట న్యాయము కాదని నా తలంపు.

ఈ పొత్తే తరువాత మఱియొక మెట్టెక్కినది. నేడు ఉపకేంద్రములలో రెండు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు ఒకే భారమును కలిసి మోయుచుండును. కాడికి జత కుదిరిన యెడ్లను కట్టినట్లే వీనినిగూడ చూచి కట్టవలెను. రెండింటి వోల్టేజి నిష్పత్తి సమానముగా నుండవలెను; లేకున్న భారము లేనప్పుడును వానిమధ్య వృథాప్రవాహము తిరుగుచుండును. కొనలు తాఱుమాఱైనచో ప్రమాదమే. లోపలి నిరోధములు వాని వాని సామర్థ్యములకు తగి యుండవలెను; లేనిచో ఒకటి అలసి వేడెక్కును, రెండవది తేలికగా నడచును.

కలిసి మోయుటకు బలము మాత్రమే చాలదు, పొందికయు కావలెను. ఈ సంగతి యెడ్లను తోలిన మీకు నేను చెప్పవలెనా? సెలవు.