పెద్దమ్మవారు పోయింది, ఆటలమ్మ మిగిలింది

నరసరావుపేట, మాచర్ల, గురజాల పల్లెల్లో ఎండలు ముదిరే వేళ అంగన్‌వాడీలోనో హాస్టల్లోనో ఒక పిల్ల ఒంటిమీద నీటి పొక్కులు లేస్తే, పెద్దవాళ్లు ‘అమ్మవారు పోసింది’ అంటారు. అది ఆటలమ్మ. గుమ్మానికి వేపమండ కడతారు, ఇంట్లో తాలింపు మానేస్తారు, పిల్లకు పెరుగన్నం పెడతారు.

ఒకప్పుడు ప్రాణాలు తీసిన మశూచికీ, అంటే పెద్దమ్మవారికీ, ఇవే మర్యాదలు. అది పోలేరమ్మ కోపమనేవారు. రెండూ అమ్మవార్లే కాబట్టి తేడా పట్టించుకున్నవాళ్లు తక్కువ. వైద్యులూ చాలాకాలం తికమకపడ్డారు. ఆటలమ్మ వచ్చి తగ్గినా మశూచి రాకుండా పోదనీ, రెండూ వేరు జబ్బులనీ 1767లో లండన్‌లో వైద్యుడు విలియం హెబర్డెన్ తేల్చిచెప్పాడు.

మన దగ్గర ఆ తేడా ఇంటింటికీ అవసరమైంది మశూచి నిర్మూలన రోజుల్లో. ఆరోగ్య సిబ్బంది ప్రతి పొక్కునూ పరీక్షగా చూడాల్సి వచ్చింది. మశూచి ముఖం, చేతులు, కాళ్ల మీద ఎక్కువ, అరచేతుల్నీ వదలదు, పొక్కులన్నీ ఒకే ఈడువి. ఆటలమ్మ ఛాతీ, వీపు మీద మొదలవుతుంది, కొత్త పొక్కు పక్కనే ఎండిన పక్కు కనిపిస్తుంది. 1975 మే తర్వాత దేశంలో మశూచి కేసు లేదు. తాతల భుజం మీద మిగిలిన టీకా మచ్చ మశూచిదే, ఆటలమ్మను అది ఆపదు.

ఆటలమ్మకు టీకా జపాన్‌లో పుట్టింది. కొడుకు ఆటలమ్మతో విలవిల్లాడటం చూసిన వైద్యుడు మిచియాకి తకహాషి 1974 నాటికి దాన్ని తయారుచేశాడు. ఓకా అనే ఇంటిపేరున్న పిల్లవాడి పొక్కుల్లోని వైరస్సే దానికి మూలం. మన సర్కారు ఉచిత టీకాల పట్టికలో ఇది లేదు. ప్రైవేటులో కొనుక్కోవాలి, రెండు డోసులు. కూలి ఇళ్లకు ఆ ఖర్చు భారమే, పట్టికలో చేర్చడమే న్యాయం.

వేపమండతో నాకు పేచీ లేదు, పరాయివాళ్లను గుమ్మం దగ్గరే ఆపుతుంది. కానీ పొక్కు కనపడటానికి ఒకటి రెండు రోజుల ముందే జబ్బు ఇతరులకు అంటుకుంటుంది, అంటుకున్నాక బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. అందుకే మొదటి పిల్ల కోలుకునేసరికి పక్క బెంచీవాళ్లు పడతారు.

తలంటు పోశామని బడికి పంపకండి, పొక్కులన్నీ పక్కు కట్టాలి. జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వకండి. బడిలో గర్భిణి టీచరో ఆయానో ఉంటే ముందు ఆమెకు కబురు చెప్పండి.