కార్గిల్ తారీఖు: ఒకే రోజు ఇద్దరు పైలట్లు

ఉర్దూలో తేదీనీ తారీఖ్ అంటాం, చరిత్రనీ తారీఖ్ అంటాం. 1999 మే 27 ఆ రెండర్థాలకూ సరిపోయే రోజు.

కార్గిల్ జంగ్ నడుస్తోంది. బటాలిక్ కొండల మీద మన మిగ్-27 ఒకటి కూలింది. నడిపింది ఫ్లయిట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత. ఇంటిపేరే చెబుతోంది, మన తెలుగు బిడ్డ. శత్రు స్థావరాల మీద దాడి చేస్తుండగా ఇంజన్ ఆగిపోయిందని మన వాయుసేన చెప్పింది. మళ్లీ రాజేయాలని కోషిష్ చేశాడు, కుదరలేదు. ఇక ఎజెక్ట్ అయ్యాడు.

ఎజెక్ట్ అవడమంటే పారాచూట్ కట్టుకుని దూకడం కాదు. కింద మందు పేలి, సీటుతో సహా మనిషిని పైకి విసిరేస్తుంది. ఆ కుదుపంతా వెన్నెముక మీదే పడుతుంది. నచికేతకు జాన్ దక్కింది గానీ నడుము దెబ్బతింది. తర్వాత ఫైటర్ వదిలేసి రవాణా విమానాలు నడపాల్సి వచ్చింది.

కిందకు దిగినవాణ్ని పాక్ సిపాయిలు పట్టుకుని కొట్టారు. ఒక పెద్ద అధికారి వచ్చి వాళ్లను ఆపాడని నచికేతే తర్వాత చెప్పాడు. పాక్ వాయుసేన అధికారి కైసర్ తుఫైల్ అతనితో కూర్చుని మాట్లాడాడు. ఖైదీ మాంసం తినడని తెలిసి శాకాహారం తెప్పించాడు. జూన్ 3న రెడ్‌క్రాస్‌కు అప్పగించారు. ఆ తర్వాత వాఘా దాటి వతన్ చేరాడు.

ఈ కిస్సా చెప్పడానికి నాలాంటి పేరున్నవాడు రెండుసార్లు ఆలోచిస్తాడు. పాక్ అధికారి మంచితనం గురించి రాస్తే ఎవరేమంటారోనని. అందుకే మన ఇళ్లలో పిల్లలకు అసలు చెప్పం. నేనంటాను, చెప్పండి. కానీ పూరా చెప్పండి.

ఎందుకంటే అదే రోజు నచికేత జాడ వెతుకుతూ వెళ్లిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా మిగ్-21కు క్షిపణి తగిలింది. ఆయనా ఎజెక్ట్ అయ్యాడు. మనకు మాత్రం ఆయన మయ్యత్ తిరిగొచ్చింది, తూటా గాయాలతో. ప్రాణంతో దిగినవాణ్ని కాల్చి చంపారని భారత్ అంది. మరణానంతరం వీరచక్ర ఇచ్చింది.

ఖైదీని హింసించకూడదు, బేఇజ్జత్ చేయకూడదు. 1949 జెనీవా ఒప్పందంలో రెండు దేశాలూ ఒప్పుకున్న మాటే ఇది. కానీ ఆ కొండల్లో ఒప్పందం అమలవ్వాలంటే, లేచిన చేతిని పట్టుకుని ఆపే మనిషి ఒకడు ఉండాలి. నచికేతకు ఆ మనిషి దొరికాడు. ఆహుజాకు దొరకలేదు.

ఇద్దరి పేర్లూ కలిపి చెప్పడమే ఇన్సాఫ్. ఒకరిది వదిలేస్తే పిల్లలకు మనం చెప్పేది సగం తారీఖే.