చెకుముకి గోడ, రెల్లు కప్పు

ఇంగ్లండ్ తూర్పు తీరాన ఉన్న నార్ఫోక్‌లో ఇళ్లు కట్టడానికి మంచి రాయి దాదాపు దొరకదు. సుద్దనేలలో పుట్టే చెకుముకి రాయే అక్కడి పేదలకు దిక్కు. థెట్‌ఫర్డ్ దగ్గర గ్రైమ్స్ గ్రేవ్స్‌లో నాలుగున్నర వేల ఏళ్ల కిందటే ఆ రాయి కోసం పది మీటర్లకు పైగా లోతున గనులు తవ్వారు. అప్పుడు ఆ రాయి గొడ్డళ్లకు పనికొచ్చింది, తర్వాతి కాలంలో గోడలకు.

పైన తెల్లటి పెచ్చు, ముడులు తేలిన వంకర ఆకారం. సుత్తితో పగలగొడితే లోపల నల్లగా నిగనిగలాడుతుంది. ఎండకూ వానకూ చలించని ఈ రాయితో మూల మాత్రం తిరగదు. అందుకే మూలల్లోనూ, తలుపుల కిటికీల చుట్టూ ఎర్ర ఇటుక పెట్టారు. చెకుముకి నీరు పీల్చదు కాబట్టి సున్నం ఆరడానికి చాలా సమయం పడుతుంది. తొందరపడి ఒకేసారి గోడ లేపితే ఉబ్బుతుంది. కొంత కట్టి, ఆగి, మళ్లీ కట్టేవారు. మధ్యమధ్య ఇటుక వరసలు వేసి గోడను బిగించేవారు. 1784 నుంచి 1850 దాకా ఇటుకల మీద ప్రభుత్వ పన్ను ఉండేది. కూలివాడి ఇంటికి ఇటుక ఎంత పొదుపుగా వాడి ఉంటారో ఊహించవచ్చు. నాకైతే ఈ ఇళ్ల అందమంతా ఆ పొదుపులోనే కనిపిస్తుంది. అలంకారమనిపించే ప్రతి ఎర్ర పట్టీ వెనకా ఒక అవసరం ఉంది.

కప్పుకు బ్రాడ్స్ అనే స్థానిక చిత్తడి నేలల్లో చలికాలంలో కోసిన రెల్లు. కట్టలు పరిచి, హేజల్ చెట్టు బద్దలతో బిగించి, చెక్క పనిముట్టుతో కింది నుంచి పైకి తట్టి సమం చేస్తారు. వాలు యాభై డిగ్రీల దాకా ఉంటుంది. మన పూరిళ్లలాగే చూరు బాగా ముందుకు చాచి ఉండడంతో వాననీరు గోడకు దూరంగా పడుతుంది. కప్పు యాభై ఏళ్లకు పైగా నిలుస్తుంది. కొప్పును మాత్రం పది పదిహేనేళ్లకోసారి మార్చాలి. 1666 అగ్నిప్రమాదం తర్వాత లండన్‌లో గడ్డికప్పుకు అనుమతి దొరికిన తొలి కట్టడం, 1997లో తెరిచిన షేక్‌స్పియర్ గ్లోబ్ నాటకశాల. దాని కప్పుకూ నార్ఫోక్ రెల్లే వాడారు.

ఇరవయ్యో శతాబ్దంలో చాలాచోట్ల పాత సున్నం ఊడిన సందుల్లో సిమెంటు కూరారు. సున్నం తేమను బయటికి వదులుతుంది, సిమెంటు వదలదు. ఆ తేమ మెత్తటి పాత ఇటుకలోకి చేరి, చలికి గడ్డకట్టి, ఇటుకను పెచ్చులుగా రాల్చేస్తుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు ఆ సిమెంటును ఉలితో మెల్లగా తొలిచి, మళ్లీ సున్నం నింపుతున్నారు.