పెళ్లిని దాటిన తుఫాను

2004 ఫిబ్రవరిలో కెనడాలోని వాంకూవర్‌లో ఫొటోలు పంచుకునే సైటు ఫ్లికర్ మొదలైంది. ఫొటో పెట్టినవాళ్లు దానికి తోచిన మాటను ట్యాగుగా తగిలించుకోవచ్చు. ఫలానా వర్గంలోనే వేయాలని చెప్పే లైబ్రేరియన్ ఎవరూ లేరు. జాషువా షాక్టర్ అంతకు ముందు ఏడాదే డెలిషియస్ అనే సైటులో వెబ్ లింకులకు ఈ వెసులుబాటు ఇచ్చాడు.

పోగుపడిన ట్యాగులను ఫ్లికర్ ఒక మేఘంలా చూపించింది. ఎక్కువమంది వాడిన మాట పెద్ద అక్షరాల్లో, మిగతావి చిన్నగా. ఎన్నో సైట్లు దాన్ని ఎత్తుకున్నాయి. 2005 వచ్చేసరికే వెబ్ డిజైనర్ జెఫ్రీ జెల్డ్‌మన్ ఈ ఫ్యాషన్‌ను వెక్కిరించాడు. అతని విసుగులో న్యాయముంది: ఆ మేఘానికి తేదీ లేదు. పెళ్లి, పార్టీ లాంటి నిత్యం వాడే మాటలదే ఎప్పుడూ పైచేయి.

ఆ ఏడాది ఆగస్టు చివర్లో కత్రినా తుఫాను న్యూ ఆర్లియన్స్‌ను ముంచెత్తింది. ‘కత్రినా’ లాంటి మాట మేఘంలో పైకి తేలాలంటే లెక్క మార్చాలి. 2005 మార్చిలో ఫ్లికర్‌ను కొన్న యాహూలో మైకా డుబింకో, రవి కుమార్, ప్రభాకర్ రాఘవన్ తదితరులు ఆ పని చేశారు.

వాళ్ల సూత్రం చిన్నదే. ‘పెళ్లి’ మొత్తం లక్షసార్లు వచ్చి, తుఫాను వారంలో 500 సార్లు వచ్చిందనుకుందాం: అర శాతం. ‘కత్రినా’ మొత్తం 2,000లో 600 ఆ వారానివే: 30 శాతం. తుఫాను గెలిచింది! కానీ ఎవరో ఒక్కసారి టైప్ చేసి వదిలేసిన పిచ్చిమాటకు నూటికి నూరు వస్తుందే? అందుకే హారంలో ఒక స్థిరసంఖ్య కలిపారు. అది 50 అయితే పిచ్చిమాట 2 శాతానికి పడిపోతుంది, ‘కత్రినా’ మాత్రం 29 దగ్గర నిలుస్తుంది.

ఏ తేదీల మధ్య అడిగినా జవాబు వెంటనే రావాలి కనుక 1, 2, 4, 8 అంటూ రెట్టింపయ్యే వ్యవధులకు ముందే లెక్కకట్టి, అడిగినప్పుడు ఆ ముక్కలను అతికేవారు. 2006 మేలో ఎడిన్‌బరో వెబ్ సదస్సులో దీన్ని వివరించారు. తెరపై ‘నది’ అనే రూపంలో ట్యాగులు అడ్డంగా కదిలిపోయేవి, ‘జలపాతం’ అనే రూపంలో కిందికి జారేవి. నది పోలిక కొత్తదేం కాదు. అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ ప్రయోగశాల అంతకు ముందే ‘థీమ్‌రివర్’తో ఫిడెల్ కాస్ట్రో ప్రసంగాల్లోని విషయాల పోటును, పాటును గీసి చూపింది.

ఈ లెక్కంతా ట్యాగు వేసింది మనిషేనన్న నమ్మకం మీద నడిచింది. 2015లో ఫ్లికర్ ఆ పనికి యంత్రాన్నీ దింపింది. డాహావ్ నాజీ శిబిరం ఫొటోకు అది పిల్లలు ఎక్కి ఆడుకునే ‘జంగిల్ జిమ్’ అని ట్యాగు వేసింది. జనం మండిపడ్డాక ఫ్లికర్ ఆ ట్యాగును తీసేసింది.