కుట్టుపనికి కట్టిన తరగతి

రవికె చక్కగా కుదిరినచో కుట్టిన చేతిని మెచ్చుకొందుము. కర్మాగారమున మాత్రము నేర్పును నిర్ణయించునది తరగతుల పట్టిక.

లండనులోని డాగెన్‌హాము ఫోర్డు కర్మాగారమున కారు సీట్లకు తొడుగులు కుట్టు 187 మంది స్త్రీలు 1968 జూన్‌లో పని మానిరి. కుట్టుమిషనుపై పరీక్షలో నెగ్గినగాని ఆ కొలువు దొరకదు. ఐనను యాజమాన్యము వారిని నైపుణ్యము తక్కువదగు ‘బి’ తరగతిలో చేర్చెను. అందును పురుషుల కూలిలో 85 శాతమే! తొడుగులు లేక కార్ల తయారీ నిలిచిపోయెను. ఆ కుట్టు ఎంతటి పనియో అప్పుడుగాని తెలిసిరాలేదు.

మంత్రిణి బార్బరా కాజిల్ కల్పించుకొనగా కూలి 92 శాతమునకు పెరిగెను. 1970లో సమాన వేతన చట్టము వెలువడెను. లోకము దీనిని విజయమనెను. కాని ఆ స్త్రీలు మొదట అడిగినది ‘సి’ తరగతి. ఆడపిల్లలు ఇంట నేర్చు విద్య గనుకనే కుట్టుపని నైపుణ్యముగా లెక్కకు రాలేదని మేము తలంతుము. 1984లో మరల సమ్మె కట్టిన పిమ్మటగాని వారికి ఆ తరగతి దక్కలేదు.